స్లాబు తాగాల్సిన నీళ్లు

మొన్న మా పెద్దోడి కొత్త ఇంటి స్లాబుకు కింద ఊతగా పెట్టిన సెంట్రింగ్ విప్పారు. కామారెడ్డిలో స్టేషన్‌కు అవతల, నా చిన్నప్పుడు జొన్నచేన్లు ఉన్న వైపు కట్టుకుంటున్నాడు. నేను పొద్దున్నే తల దువ్వుకుని, నేత చీర కట్టుకుని, పేరంటానికి పోయినట్టు పోయాను. పని చేసే పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని టకటకా చెక్కలు ఊడదీస్తున్నారు. "అవ్వా, జర బయటికి నడువు, చెక్క మీద పడుతది" అని నన్నే అదిలించారు. మేస్త్రి ఎక్కడ అని అడిగితే, బిచ్కుందలో ఇంకో పని మీద ఉన్నాడని చెప్పారు. "మరి స్లాబు కింద ఎవరు నిలబడతారు?" అన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కానీ పిల్లల తప్పేముంది, వాళ్లకు ఆ సంగతి చెప్పినవాళ్లెవరు?

మా నాన్నను మేం బాపు అనేవాళ్లం. డెబ్బయిల్లో కామారెడ్డిలో పెంకుటిండ్లు పోయి స్లాబు ఇండ్లు వస్తున్న కాలంలో, సగం ఊరికి ఆయనే మేస్త్రి. స్లాబు అంటే జనానికి అప్పట్లో భయం. అంత బరువు గాలిలో ఎట్లా ఆగుతుందని ముసలివాళ్లు లోపలికి పోవడానికే జంకేవారు. అందుకని బాపు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. సెంట్రింగ్ విప్పే రోజు ఇంటాయన కొబ్బరికాయ కొట్టగానే చెప్పులు విడిచి, సరిగ్గా స్లాబు నడిమధ్య కిందికి పోయి చేతులు కట్టుకుని నిలబడేవాడు. సెంట్రింగ్ పని చూసే రహీం చాచా సుత్తితో ఒక్కొక్క ఊతకట్టెనే కొట్టి పడేస్తుంటే, చెక్కల సందుల్లోంచి బూడిద రంగు దుమ్ము బాపు నెత్తి మీద రాలేది. ఆఖరి కట్టె పోయాక ఒకసారి పైకి చూసి, బయటికి వచ్చి ఇంటామెతో, "ఇగ పొయ్యి వెట్టుకో చెల్లె" అనేవాడు. ఆ మాట అయితేనే ఆ ఇల్లు ఇల్లయినట్టు. ఆ రోజుల్లో మా ఇంట్లో మాత్రం పొయ్యి వెలిగేది కాదు. "ఆయినె తలకాయ మంచిగ ఇంటికొస్తెనే నేను బియ్యం కడుగుత" అని అమ్మ గడప మీద కూర్చునేది. బాపు సైకిలు గంట సందు మొదట్లో వినపడితే అప్పుడు లేచేది. ఎంత పొద్దుపోయినా ఆ రోజు అన్నంలోకి పచ్చిపులుసు తప్పకుండా ఉండేది, బాపుకు అదంటే ప్రాణం.

స్లాబు పోసిన మర్నాటి నుంచి బాపుకు ఇల్లూ పిల్లలూ గుర్తుండేవి కావు. తెల్లవారగానే సైకిలెక్కి నీళ్లు పెట్టడానికి పోయేవాడు. స్లాబు మీద బంకమట్టితో చిన్న చిన్న మడులు కట్టి, వాటి నిండా నీళ్లు నిలపాలి. దాదాపు మూడు వారాలు ఆ మడులు ఎండకూడదు. సెలవుల్లో నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. ఎండకు కాగిన సిమెంటు మీద నీళ్లు పడగానే లేచే ఆ వాసన ఇప్పటికీ నాకు ఏ అగరుబత్తి కన్నా ఎక్కువ ఇష్టం. "చిన్నపిల్ల లెక్కనే బిడ్డా ఇది. ఇప్పుడు కడుపు మాడ్చి, పెద్దయినంక నెయ్యి పోసినా బలం రాదు" అనేవాడు. స్లాబుకు నీళ్లు పెట్టకుండా తాను చాయ్ కూడా తాగేవాడు కాదు. సాయంత్రం ఇంటికొస్తే సిమెంటు తిన్న ఆయన అరచేతులకు అమ్మ పల్లినూనె మర్దన చేసేది. ఆ చేతులు చెట్టు బెరడులా ఉండేవి. నా చెంప నిమిరితే గీరుకునేది, నేను తప్పించుకుని పారిపోయేదాన్ని.

స్లాబు కింద నిలబడే మేస్త్రిగా బాపు పేరు కామారెడ్డి దాటి తాడ్వాయికి, బీబీపేటకు, అటు ఎల్లారెడ్డి దాకా పాకింది. ఆ పేరే ఆయన కొంప ముంచింది. ఎన్నికలప్పుడు ఒక పార్టీవాళ్లు మంచి పేరున్న మనిషి కోసం వెతుకుతూ మా ఇంటికి వచ్చారు. వాళ్ల జీపు మా సందులో పట్టక, మూల మీదనే ఆపి నడిచి వచ్చారు. "నాకు గోడ నిలవెట్టుడు తప్ప ఏమెర్క సార్" అన్నాడు బాపు. వాళ్లకు కావలసింది కూడా అంతే. ప్రతి సభలో బాపు చేత ఒకే మాట చెప్పించారు. "నేను గట్టిన ఇంట్ల ముందుగాల నేనే నిలవడ్డ. మీ ఇండ్ల కింద గూడ నేనే నిలవడత." జనం ఈలలు వేశారు, ఓట్లు వేశారు. మేస్త్రి ఎమ్మెల్యే అయ్యాడు. హైదరాబాదులో ఇచ్చిన క్వార్టర్లో దిగిన మొదటి రోజే గోడను గోటితో గీకి చూసి, "ఉసికె ఎక్కువ, సిమెంటు తక్కువ" అన్నాడట. అమ్మ చాలాకాలం అది చెప్పుకుని నవ్వేది.

తర్వాత నవ్వడానికి పెద్దగా ఏమీ మిగలలేదు. మా ఇంట్లో సిమెంటు వాసన పోయి చాయ్ వాసన వచ్చింది. తెల్లవారకముందే వాకిట్లో జనం. పింఛన్ అనేవాడు, భూమి తగాదా అనేవాడు, కొడుకు దుబాయిలో ఇరుక్కున్నాడని ఏడ్చే తల్లి. బాపు అందరికీ తల ఊపేవాడు. ఏ పని ఎవరి దగ్గర ఆగుతుందో ఆయనకు అర్థమయ్యేది కాదు. ఇల్లు కట్టేటప్పుడు ఇటుక కావాలంటే ఇటుక వచ్చేది. ఇక్కడ కాగితం ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి పోవడానికే నెలలు పట్టేది. తెల్లటి ఖద్దరు వేసుకుని జీపులో తిరిగీ తిరిగీ ఆయన చేతులు మెత్తబడ్డాయి. అమ్మ నూనె గిన్నె అటక మీదికి పోయింది.

ఆ ఊరి పేరు రాయను. ఎల్లారెడ్డికి అవతల, నిజాంసాగర్ కాలువ నీళ్లు అందని ఊరు. ఒక ఎండాకాలం అక్కడ ఒక వాడంతా, గుడిసె వెంట గుడిసె, కాలిపోయింది. జనం తాటిపత్రి పట్టాల కింద చేరారు, ఆ వానాకాలమంతా అట్లాగే తడిశారు. బాపు వాళ్ల మధ్య నిలబడి, మళ్లీ వానలు పడేలోపు అందరికీ స్లాబు ఇండ్లు కట్టిస్తానని మాట ఇచ్చాడు. ఆ మంజూరు తేవడానికి ఆయన హైదరాబాదులో ఎన్ని గడపలు ఎక్కి దిగాడో. మంజూరు వచ్చేసరికి మళ్లీ ఎండాకాలం నడుస్తోంది. అయినా వెనక్కి తగ్గలేదు. పని రహీం చాచా చేతికి అప్పగించి, రెండు మూడు రోజులకోసారి తానే పోయి చూసేవాడు. నేను అప్పుడు ఇంటర్ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. జీపు వెనక కూర్చుని వెంట పోయేదాన్ని. తాపీ చప్పుడు వినగానే బాపు మొహం వికసించేది. ఎమ్మెల్యే అయ్యాక ఆయన మొహం అట్లా అవడం నేను ఆ ఊర్లోనే చూశాను.

స్లాబులన్నీ ఒకదాని వెంట ఒకటి పోశారు. పోసిన వారానికే ఆ ఊరి మంచినీళ్ల బావి ఎండిపోయింది. ఉన్నది ఇండ్ల పనికి వచ్చే ఒక్క ట్రాక్టరు ట్యాంకరు. అది ఎక్కడో దూరం నుంచి తెచ్చే నీళ్లు మడులకే సరిగ్గా సరిపోయేవి. ఒకరోజు మేం పోయేసరికి ఒక స్లాబు మీద ఒక ఆడమనిషి వంగి ఉంది. బిందె మూతికి కొంగు కప్పి, మడిలోని నీళ్లు చెంబుతో ముంచి వడగడుతోంది. కింద ఆమె అత్త నిచ్చెన పట్టుకుని నిలబడి ఉంది. ఆ ఇల్లు వాళ్లకు రావలసిందే. కోడలి పేరు సాయవ్వ.

"ఏయ్, ఏం జేస్తున్నవ్?" బాపు గొంతు పాత మేస్త్రి గొంతయింది.

సాయవ్వ అదిరిపడి చెంబు జారవిడిచింది. "దొంగతనం గాదు సారూ. సగమే ముంచుతున్నం. సగం స్లాబుకే ఇడుస్తున్నం."

"గవి సిమెంటు నీళ్లు. పేగులు కాల్తయ్!"

"కాల్తయని ఎర్కనే. పొల్లగాండ్ల గొంతులెండుతున్నయి, ఏం జెయ్యమంటవు?"

"నా కోడల్ని ఏమనకు సారూ, నేనే ఎక్కిచ్చిన" అంది కింది నుంచి ముసలామె.

బాపు ఆ స్లాబు నీడలోనే ఇసుక కుప్ప మీద కూర్చున్నాడు. లేచి, ట్యాంకరు అతన్ని పిలిచి, ఇక నుంచి నీళ్లన్నీ వాడలో పోయమన్నాడు. రహీం చాచా పరుగున వచ్చాడు. "అన్నా, స్లాబు ఇంక పచ్చిగుంది. ఇప్పుడు దూపకు ఎండవెడితే మళ్ల ఎన్ని నీళ్లు పోసినా ఫాయిదా లేదు" అన్నాడు. "ఎర్కనే రహీం. ఇంకో ట్యాంకరు తెస్త. ఎమ్మెల్యేనే గద నేను" అన్నాడు బాపు. అప్పటికి సాయవ్వ నిచ్చెన దిగింది. "మరి స్లాబు సంగతేంది సారూ?" అని అడిగింది. బాపు నవ్వు తెచ్చుకుని, "దానికి సాలు, కడుపునిండ తాగింది. ఇగ మీరు తాగుండ్రి" అన్నాడు. బాపు అబద్ధం ఆడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

ఇంకో ట్యాంకరు రాలేదు. ఎల్లారెడ్డిలో అడిగితే కామారెడ్డి పొమ్మన్నారు, కామారెడ్డిలో అడిగితే నిజామాబాదు పొమ్మన్నారు. ప్రతిచోటా కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, నమస్కారం పెట్టి పంపారు. అన్ని ఊర్లలోనూ కరువే, వాళ్లు మాత్రం ఎక్కడి నుంచి తెస్తారు? కిరాయికి మాట్లాడదామంటే ట్రాక్టర్లున్నాయి, నింపడానికి నీళ్లున్న ఇంకో బావి లేదు. జీపులో తిరిగి వస్తూ బాపు, "స్లాబులు మండుతుంటయి బిడ్డా ఇప్పుడు" అనేవాడు, జ్వరంతో ఉన్న పిల్లను ఇంట్లో వదిలి వచ్చినవాడిలా. ఆఖరికి ఆయనకు ఒక ఉపాయం తోచింది. స్లాబుల మీద వరిగడ్డి పరిపించాడు. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు పారబోయకుండా ఎవరి ఇంటి స్లాబు మీద వాళ్లు పోయమని వాడలో ఆడవాళ్లకు చెప్పాడు. "గదేం మొక్కు సారూ?" అని వాళ్లు నవ్వారు. నవ్వినా పోశారు. బిందెలు నెత్తిన పెట్టుకుని నిచ్చెనలు ఎక్కేవారు. కానీ బర్రెలకూ కుడితి కావాలి కదా. ఒకరి వెంట ఒకరు మానేశారు. సాయవ్వా ఆమె అత్తా మాత్రం చివరిదాకా మోశారు. నేను ఒకసారి పైకెక్కి గడ్డి తీసి చూశాను. సన్నటి పగుళ్లు, ఒకదానిలోంచి ఒకటి.

సెంట్రింగ్ విప్పే రోజు ఊరంతా వచ్చింది, డప్పులు కూడా పెట్టారు. బాపు చెప్పులు విడిచి సాయవ్వ ఇంటి స్లాబు కిందికి పోయాడు. రహీం చాచా సుత్తి పట్టుకుని కదలలేదు. "అన్నా, ఇయ్యాల ఒద్దు. నీ కాళ్లు మొక్కుత, బయట నిలవడు" అన్నాడు. డప్పుల మోతలో ఆ మాట నాకూ బాపుకూ తప్ప ఎవరికీ వినపడలేదు. "కొట్టు రహీం" అన్నాడు బాపు. నేను బయట నిలబడి, అమ్మ ఇన్నేళ్లు గడప మీద ఎట్లా కూర్చుందో ఆ రోజు తెలుసుకున్నాను. ఒక్కొక్క కట్టే పోయింది. స్లాబు ఆగింది. ఆగింది కానీ నడుమ కొంచెం దిగింది, పైకి చూసిన బాపు మొహంలో నాకది కనపడింది. బయటికి వచ్చి ఆయన పొయ్యి మాట అనలేదు. ప్రతి ఇంట్లో నడిమధ్య ఒక ఊతకట్టె మళ్లీ నిలబెట్టించి, "ఈ కట్టెను ఎవ్వలు ముట్టద్దు" అని మాత్రం చెప్పాడు. డప్పులవాళ్లు ఎప్పుడు ఆపాలో తెలియక ఇంకాసేపు కొట్టారు.

జనం దేనికైనా అలవాటు పడతారు. ఆ కట్టెలకు మేకులు కొట్టి చొక్కాలు తగిలించుకున్నారు, చంటిపిల్లల ఉయ్యాల తాడు ఒక కొస దానికి కట్టారు. వానలకు స్లాబులు కారితే కింద గిన్నెలు పెట్టుకున్నారు. బాపు మాత్రం నిద్రపోయేవాడు కాదు. మరమ్మతు మంజూరు కోసం మళ్లీ అవే గడపలు ఎక్కాడు. కట్టి ఏడాది కాని ఇండ్లకు మరమ్మతేమిటని అడిగినవాళ్లకు ఏం చెప్పాలో ఆయనకు తెలిసేది కాదు. అంతలో మళ్లీ ఎన్నికలు వచ్చాయి. ఆ ఊరికి ఒక మంత్రి వస్తాడన్నారు. ఇండ్ల నడుమ కట్టెలు కనపడితే పరువు పోతుందని, బాపు వెనక తిరిగే పార్టీ పిల్లలు ఆయనకు ఒక్క మాట చెప్పకుండా పోయి, ఇంటింటికీ తిరిగి ఊడపెరికారు. గోడలకు సున్నం కూడా వేయించారు. మంత్రి వచ్చాడు, చూశాడు, మెచ్చుకుని పోయాడు. ఆ మర్నాడు పగటిపూట సాయవ్వ ఇంటి స్లాబు కూలింది. అందరూ పనికి పోయారు. ముసలామె ఒక్కతే మంచం మీద ఉంది.

ఎల్లారెడ్డిలో సభకు పోతుంటే దారిలోనే కబురు అందింది. బాపు జీపు తిప్పించాడు. మేం పోయేసరికి సిమెంటు పెళ్లలు తొలగించి ఆమెను బయట పడుకోబెట్టారు. సాయవ్వ ఏడవడం లేదు, అత్త కాళ్ల దగ్గర కూర్చుని ఆమె పాదాల దుమ్ము కొంగుతో తుడుస్తోంది. జనం బాపు మీద పడ్డారు. తిట్టారు, ఖద్దరు చొక్కా చించారు. సిమెంటు తిన్నాడన్నారు, ఉసికె ఇండ్లు కట్టాడన్నారు. బాపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, స్లాబు కింద నిలబడినట్టే.

ఇంటికొచ్చాక రహీం చాచా ఆగలేకపోయాడు. "చెప్పన్నా! నీళ్లు వాళ్లకే పోసినమని చెప్పు. కట్టెలు ఎవరు తీసిండ్రో చెప్పు. నీ నోట్ల నాలిక లేదా?"

"కట్టెలు తీసినోల్లు నా ఎనక తిరిగెటోల్లే రహీం. గది నా తప్పు లెక్కనే. ఇగ నీళ్లంటవా, ఏమని చెప్పాలె? మీరు నీళ్లు తాగినందుకే ఇల్లు కూలింది, ముసలామె సచ్చిపోయిందని చెప్పాలెనా? గా సాయవ్వ ఇంక జన్మల మంచిగ నీళ్లు తాగుతదా?"

చాచా తల పట్టుకున్నాడు. "నీ ఇజ్జత్ పోతుందన్నా."

"పోనియ్యి."

పోయింది. ఇజ్జత్‌తో పాటు ఎన్నికా పోయింది, ఆ ఊర్లో ఆయనకు ఓట్లే పడలేదన్నారు. అది పెద్ద దెబ్బ కాదు. కామారెడ్డిలో ఇల్లు కట్టమని మళ్లీ ఒక్కరూ రాలేదు. అదీ అసలు దెబ్బ. తాపీలు గోనెసంచిలో మూలకు చేరాయి. తాను కట్టుకున్న మా ఇంటి స్లాబు కింద కూడా బాపు పడుకునేవాడు కాదు. వాకిట్లో రేకుల పందిరి కింద మంచం వేసుకునేవాడు. అమ్మ అటక మీది నూనె గిన్నె దించి ఆయన చేతులకు మళ్లీ రాయబోతే, "ఎందుకే, ఇవి ఏం పని జేస్తున్నయని?" అని వెనక్కి తీసుకున్నాడు. నేను అప్పుడు దేవుడి మీద, ప్రభుత్వం మీద, ఆ వాడ జనం మీద ఒకేలా మండిపడేదాన్ని. ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

ఇప్పుడు సిమెంటు లారీలో కలిసే వస్తోంది. మా పెద్దోడి స్లాబుకు బోరు నీళ్లు పైపుతో ఊరికే పారాయి. ఎవరూ కింద నిలబడనక్కర లేదు, కూలితే ఎవరిని అడగాలో కూడా తెలియదు. మొన్న ఆ పిల్లలు ఎంత అరిచినా వినకుండా పోయి ఆ స్లాబు నడుమ కింద నిలబడ్డాను. దుమ్ము నెత్తి మీద పడింది. నిలబడినంతసేపూ నా కళ్ల ముందు ఉన్నది మా పాత వాకిలి, రేకుల పందిరి, సాయవ్వ వచ్చిన ఆ పగలు.

బాపు ఓడిపోయిన తర్వాతి ఎండాకాలం ఆమె వచ్చింది. ఎల్లారెడ్డి బస్సు దిగి, దారి అడుగుతూ మా ఇల్లు పట్టుకుంది. బాపు మంచం మీద లేచి కూర్చున్నాడు, తల ఎత్తలేదు. ఆమె కింద కూర్చుంది.

"మా అత్త పోవుడు నీ పాపం గాదు సారూ. గది చెప్పిపోదామనే వచ్చిన. స్లాబు నీళ్లు తాగింది మేమే గద."

బాపు చివ్వున తల ఎత్తాడు. "ఎవ్వలు చెప్పిండ్రు నీకు? రహీం చెప్పిండా?"

"ఎవ్వలు చెప్పాలె? స్లాబుకు కడుపు నిండిందంటివి. నిండినదానికి బియ్యం కడిగిన నీళ్లు గూడ ఎందుకు మోపిచ్చినవు? గా దినమే మా అత్త అన్నది, సారు మనకోసం అబద్ధమాడుతున్నడే, పోస్తనే ఉండు అని. అందుకే ఇడువకుంట మోసినం."

ఊరు చొక్కా చించినప్పుడు ఏడవని మనిషి, ఓడిన రోజు అన్నం అడిగి తిన్న మనిషి, అప్పుడు రెండు చేతుల్లో మొహం పెట్టుకుని గొంతు తెగేలా ఏడ్చాడు. ఆమెకు తెలియకూడదని ఆయన పేరూ పనీ అన్నీ పోగొట్టుకున్నాడు. ఆమెకు మొదటి రోజు నుంచే తెలుసు. బాపు ఏడుపు చూడలేక అమ్మ లోపలికి పోయి, ఇంటికి వచ్చిన మనిషికి ఇవ్వాలి కాబట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. అంత ఎండలో బస్సెక్కి వచ్చిన మనిషి. సాయవ్వ చెంబు అందుకుని, నోటి దాకా ఎత్తి, తాగలేక ఒళ్లో పెట్టుకుంది.